మోకాలు మెలిపడినప్పుడు

ఐరాల పరిసరముల పల్లెలలో చెడుగుడు ఆడు యువకునకును, చెఱకు మోపు నెత్తిన బెట్టుకొని తడిసిన గట్టుమీద నడచు కూలివానికిని ఒకే విధమైన ఆపద సంభవించుచుండును. పాదము నేలలో నాటుకొని యుండగా దేహము ప్రక్కకు తిరుగును. మోకాటిలో టప్పుమను చప్పుడు వినబడును. ఎముక విరుగలేదు గదా యని యింటివారు ఊరడిల్లుదురు. ‘నరము పట్టినది’ అని ఆముదము రాచి మర్దన చేయుదురు. కొన్ని వారములకు వాపు తీయును, మనిషి నడచును. అసలు కష్టము అప్పుడే మొదలగును.

ఇచ్చట దెబ్బతినినది నరము కాదు. తొడయెముకను కాలియెముకతో కలిపి పట్టియుంచు పలుపులవంటి బంధనములు మోకాటిలో ముఖ్యముగా నాలుగు గలవు. రెండు ఇరుప్రక్కల నుండును. తక్కిన రెండును కీలు నడుమ ఒకదాని నొకటి దాటుచు గుణకారపు గుర్తువలె నుండును. వానిలో ముందుదానికి మెలిపాటున తెగుట యెక్కువ. ఇక మనవారు ‘గుజ్జు’ అనునది నిజమునకు మృదులాస్థి. ఎముకల కొనలపై నున్నని పూతగా నుండున దొకటి. ఆ కొనల నడుమ నెలవంక ఆకారమున మెత్తలవలె నుండు రెండు దిండ్లు మరియొకటి.

మా సీమలో ఎముకదెబ్బ యనగానే పుత్తూరు కట్టు జ్ఞప్తికి వచ్చును. దానిని నిందించుట మా యుద్దేశము గాదు. విరిగిన యెముక సరిగా కూర్చి కదలకుండ నిలిపినచో అతుకుకొనును. ప్రక్క బంధనములు సైతము తరచు పట్టీ ఆధారముతోనే మానును. కాని నడిమి బంధనము కీలులోని ద్రవమున నుండుటచే తెగిన కొనల మధ్య రక్తపుగడ్డ నిలువదు. తనంత తాను అతుకుట అరుదు. నెలవంక దిండ్లకు వెలుపలి యంచున మాత్రమే రక్తప్రసారము గలదు. లోపలి భాగము చినిగిన మానుట కష్టము. ఏ కట్టును ఈ లోటును తీర్చజాలదు.

దెబ్బతగిలిన కొలది గంటలలోనే మోకాలు ఉబ్బినచో లోపల రక్తము చేరినదనియు, బంధనము తెగియుండవచ్చు ననియు అనుమానింపవలెను. మరునాటికి మెల్లగా వాచినచో దిండు చినిగి యుండవచ్చును. కాలు చాచబోగా నడుమ బిగిసికొనిపోయినచో బలవంతముగా లాగరాదు, జాగుచేయక వైద్యునకు చూపవలెను. మొదటి దినములలో మర్దనయు కాపడమును మాని చల్లని గుడ్డ వేసి, కాలు ఎత్తున నుంచుట మేలు. ఎక్స్‌రేలో ఎముకలే కనిపించును. అది బాగున్నంత మాత్రమున బంధనము బాగున్నట్లు గాదు. కాలియెముక పైభాగమును పట్టి ముందుకు లాగి చూచినచో అనుభవజ్ఞుడగు వైద్యునకు చాలవరకు తెలియును, నిశ్చయమునకు ఎం.ఆర్‌.ఐ. తీయింతురు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆస్పత్రి ఎముకలు, కీళ్ళ చికిత్సకు పేరొందినది.

తెగిన బంధనముతోనే పనికి పోయినచో మోకాలు మాటిమాటికి జారును. జారినప్పుడెల్ల దిండు నలుగును, పూత అరుగును. ఇరువదియేండ్లవాడు నడివయసుననే ముదుసలి మోకాలితో నడవవలసి వచ్చును. పూర్వము చినిగిన దిండును మొత్తముగా తీసివేయుచుండిరి. అట్లు తీసిన మోకాళ్ళలో కలుగు మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ అను ఆంగ్ల వైద్యుడు ఎక్స్‌రేలలో చూపెను. నేడు వీలైనంతవరకు కుట్టి నిలుపుదురు. బంధనమునకు బదులు రోగి తొడవెనుకటి స్నాయువునే తీసి అమర్చుదురు. ఇది అందరికిని అవసరము గాదు. పరుగెత్తి తిరుగువారికి, మోకాలు జారువారికి అవసరము.

నాటి ప్రకాశం జిల్లాకు చెందిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడలలో మోకాటి బంధనము తెగినది. పలుమార్లు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేత యయ్యెను. చికిత్స యనంతరము ఆటకు మరల తొమ్మిది మాసములైన పట్టును. అన్నినాళ్ళు కూలి మానుకొనగల కుటుంబము లెన్ని యని యడిగినచో మేమేమి చెప్పగలము? అయినను ఖర్చులేని పని యొకటి గలదు. వాపు తీసిన పిదప కాలు చాచి, తొడ ముందరి కండను బిగించి, పదివరకు లెక్కించి వదలవలెను. వైద్యుని యనుమతితో పూటకు ఇరువదిసార్లు ఇట్లు చేయవచ్చును.