ముక్కు చీదనివ్వకండి

నేను చదివింది ఎనిమిదో తరగతి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా మనవడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పెదవి, అంగిలి చిన్నప్పుడే కుట్టించాము. పైచిగురు ఎముకలో సందు మిగిలింది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. తొమ్మిదో ఏట తుంటి ఎముక కొంచెం తీసి ఆ సందులో పెట్టారు. కోరపన్ను దిగకముందే చెయ్యాలంట. ముక్కు అడుగుకూ అదే ఆధారం.

ఇంటికొచ్చిన నాలుగో రోజు వాడికి ముక్కు దిబ్బడేసింది. "గట్టిగా చీదరా" అన్నాను. రక్తం వచ్చింది. తప్పు నాదే. కోడలు వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయింది. దేవుడి దయ, కుట్లు నిలిచాయి.

గంజి ఆరని పడుగును మగ్గానికి ఎక్కిస్తామా? ఇదీ అంతే. డాక్టరు చెప్పినన్నాళ్లు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. స్ట్రా పెట్టి తాగకూడదు. వాళ్లిచ్చిన చుక్కలే వెయ్యాలి. సేలంలో మన ఇళ్లల్లో మగ్గం, మంచం ఒకే గదిలో ఉంటాయి. ఆ నూలు దుమ్ములో బిడ్డను పడుకోబెట్టకండి. చీము పట్టినా, నీళ్లు మళ్లీ ముక్కులోంచి వచ్చినా ఆలస్యం చెయ్యకండి.

మొర్రి గ్రహణం వల్ల రాదు, తల్లి తప్పూ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పిల్లలకు వైద్యం ఉచితం. సిగ్గుపడి బిడ్డను దాచకండి.