విశ్వనాథ్ తొంభై ఏడు

మా ఇంట్లో మగవాళ్ళంతా గవాస్కర్ పక్షం. నేనొక్కదాన్నే గుండప్ప విశ్వనాథ్ పక్షం. "గవాస్కర్‌వి 34 సెంచరీలు, మీవాడివి 14 ఏగా?" అని ఆట పట్టిస్తారు. లెక్క నిజమే. అయితే విశ్వనాథ్ సెంచరీ చేసిన ఏ టెస్టులోనూ మనం ఓడలేదు, ఆ సంగతి మాత్రం ఎత్తరు! (వాళ్ళిద్దరూ బావా బావమరుదులు, తగవంతా మా ఇంట్లోనే.)

1967లో విజయవాడలో, మైసూరు తరఫున తన తొలి రంజీ మ్యాచిలోనే మన ఆంధ్ర జట్టు మీద 230 కొట్టాడీయన. కానీ నా మనసంతా సెంచరీ కాని ఓ ఇన్నింగ్స్ మీద.

1975 జనవరి, మద్రాసు చేపాక్. వెస్టిండీస్ బౌలర్ ఆండీ రాబర్ట్స్ నిప్పులు కురిపిస్తున్నాడు. 64 పరుగులిచ్చి 7 వికెట్లు తీశాడు. మనవాళ్ళు ఇలా వచ్చి అలా వెళ్ళిపోతున్నారు. విశ్వనాథ్ చూడబోతే పొట్టి మనిషి. బంతి గుండెల మీదికి లేస్తే స్క్వేర్ కట్ కొడతాడు. దీపం వత్తి ఎగదోసినట్టు మణికట్టు చిన్నగా కదులుతుంది, అంతే, బంతి బౌండరీ దగ్గరుంటుంది.

ఆఖరున చంద్రశేఖర్ వచ్చాడు. బౌలింగులో ఘనుడే గాని, బ్యాటు పట్టాడంటే దేవుడే దిక్కు! అతనూ అవుటయ్యాడు. జట్టు మొత్తం 190. విశ్వనాథ్ 97, నాటౌట్. మూడంటే మూడు పరుగులు తక్కువయ్యాయి.

ఆ టెస్టు మనం 100 పరుగుల తేడాతో గెలిచాం. మొదటి రెండూ ఓడిన జట్టు 2–2 చేసింది. తర్వాత బొంబాయిలో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.