దిగుమతి సుంకము - మన కల్లము

(పామర్రులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇంటి పన్ను, నీటి పన్ను, గ్రంథాలయ పన్ను - వీనిని గురించి మీకు నేను చెప్పవలసినది లేదు. ఎవరి ఇంటికి ఎంత పన్ను, ఎవరి బాకీ ఎంత అన్నది మీకు కంఠోపాఠము. నేను ఈ దినమున చెప్పబోవునది మీరు వసూలు చేయని పన్నును గురించి. దానిని విధించుటకు గాని, తగ్గించుటకు గాని పంచాయతీకి అధికారము లేదు. అయినను అది ప్రతి ఇంటి వంటగదికిని, ప్రతి రైతు కల్లమునకును వచ్చి తీరును. అదియే దిగుమతి సుంకము.

విదేశమునుండి సరకు మన రేవు చేరినప్పుడు దానిపై ప్రభుత్వము వసూలు చేయు పన్నునకే దిగుమతి సుంకమని పేరు. మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 83వ అంశముగా దీనిని చేర్చినది. కనుక ఇది పూర్తిగా కేంద్రము పని. వసూలు చేయు పద్ధతి 1962 నాటి కస్టమ్స్ చట్టమునందును, ఏ సరకుపై ఎంత అన్న పట్టిక 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టమునందును కలవు. పట్టికలో ప్రతి సరకునకు ఒక సంఖ్య, దాని యెదుట ఒక రేటు ఉండును. ప్రజల ప్రయోజనము దృష్ట్యా కేంద్ర ప్రభుత్వము ప్రకటన ద్వారా ఆ రేటునుండి మినహాయింపు ఈయవచ్చును. అందుచేతనే నిన్నటి రేటు నేడు ఉండకపోవుట తటస్థించును.

లెక్క ఎట్లు కట్టుదురో ఒక ఉదాహరణముతో చూతము. ముడి పామాయిలు మన కాకినాడ, కృష్ణపట్నము రేవులకు ఓడలలో వచ్చును. సరకు ధర, ఓడ కిరాయి, భీమా ఖర్చు కలిపి రేవునందలి విలువ నూరు రూపాయలనుకొందము. 2024 సెప్టెంబరులో కేంద్రము దీనిపై మూల సుంకమును 20 రూపాయలు చేసినది. వ్యవసాయ వసతుల సెస్సు 5 రూపాయలు. ఈ రెండును కలిసి 25. ఈ 25పై నూటికి పది చొప్పున సాంఘిక సంక్షేమ సర్‌చార్జి రెండున్నర రూపాయలు. మొత్తము 27 రూపాయల 50 పైసలు. దీనిపై వస్తు సేవల పన్ను వేరు. సర్‌చార్జిని సరకు విలువపై గాక సుంకముపైననే లెక్కింతురని గమనింపుడు. గ్రంథాలయ పన్నును ఇంటి విలువపై గాక ఇంటి పన్నుపైన లెక్కించునట్లే ఇదియును.

2025 మే నెలాఖరున మూల సుంకమును 20 నుండి 10కి తగ్గించిరి. అప్పుడు 10, 5 కలిసి 15. దానిపై సర్‌చార్జి ఒకటిన్నర. మొత్తము 16 రూపాయల 50 పైసలు. అనగా నూరు రూపాయల సరకుపై 11 రూపాయలు తగ్గినది.

ఈ 11 రూపాయలు ఎవరివి? సుంకమును రేవులో కట్టువాడు దిగుమతి వర్తకుడే. కాని అతడు దానిని ధరలో కలుపుకొనును. తుదకు భరించువాడు కొనువాడు. మన దేశమునకు కావలసిన వంటనూనెలో సగమునకు మించి విదేశములనుండియే వచ్చుచున్నది. కనుక సుంకము తగ్గిన నూనె ధర తగ్గుటకు అవకాశము కలుగును, గృహిణికి మేలు. కాని నూజివీడు, ఏలూరు ప్రాంతములలో ఆయిల్ పామ్ తోటలు వేసిన రైతులు కలరు. వారి గెలల ధరను ముడి పామాయిలు ధరనుబట్టియే కట్టుదురు. ఆ ధర దిగినచో గెల ధరయును దిగును. ఒకే తగ్గింపు ఒక ఇంట వెలుగు, మరియొక ఇంట చీకటి కావచ్చును. ఇదియే దిగుమతి సుంకములోని చిక్కు.

ఇక మన పొలములకు వత్తము. సార్వా వరి కోతకు ముందు తడి చేలో మినుములు చల్లుట డెల్టా రైతునకు తరతరముల అలవాటు. ఆ మినుములకు పోటీ బర్మానుండి, అనగా నేటి మయన్మారునుండి, వచ్చు మినుములతో. ఇచ్చట సుంకమే గాక మరియొక సాధనము కలదు. ఏడాదికి ఇంత పరిమాణమునకు మించి దిగుమతి కారాదని హద్దు పెట్టవచ్చును. 2017లో మినుములకు అట్టి హద్దు పెట్టిరి. 2021 మే నెలలో దానిని తొలగించి, ఆ గడువును పలుమార్లు పొడిగించిరి. ఆ సంవత్సరముననే మయన్మారుతో ఏడాదికి రెండున్నర లక్షల టన్నుల మినుములకు అయిదేండ్ల ఒప్పందము జరిగినది. పప్పు ధర పేదవానికి అందకుండ పోరాదన్నది ప్రభుత్వము చెప్పిన కారణము. అదియును తోసివేయదగినది కాదు. అయితే పంట కల్లములోనికి వచ్చు దినములలోనే విదేశపు సరకు రేవులో దిగినచో బస్తా ధరపై ఒత్తిడి తప్పదు.

ఈ తగవు క్రొత్తది కాదు. ఇచ్చటికి సమీపముననున్న బందరే దీనికి సాక్షి. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో బందరున వర్తక స్థావరము నెలకొల్పినది. పిమ్మట గోలకొండ సుల్తాను వారికి ఏడాదికి 500 వరహాలు మాత్రము కట్టి వర్తకము చేసికొనుటకు ఫర్మానా ఇచ్చెను. వ్యాపారము ఎంత పెరిగినను కట్టవలసినది అంతే. వారికి అంతకన్న కావలసినదేమి? అదే జాతి తన దేశమున వేరు విధముగా నడచినది. కోరమాండల్ తీరపు అద్దకము బట్టలు తమ నేతగాండ్ర పొట్ట కొట్టుచున్నవని 1700లో అచ్చు బట్టల దిగుమతిని ఇంగ్లండు నిషేధించినది. 1721లో వాని వాడకమును సైతము నిషేధించినది. తన రేవు తలుపు ఎప్పుడు తీయవలెనో, ఎప్పుడు మూయవలెనో ప్రతి రాజ్యమును తన అవసరమునుబట్టియే నిర్ణయించును.

మన సరకు విషయమునను నేడు ఇట్లే జరిగినది. భారతదేశపు రొయ్యలకు అమెరికా పెద్ద అంగడి. ఆ రొయ్యలలో ఆంధ్రప్రదేశ్ వాటా అగ్రస్థానమున ఉన్నది. 2025 ఆగస్టు 7న అమెరికా మన సరకులపై నూటికి 25, అదే నెల 27న మరియొక 25 చొప్పున అదనపు సుంకము విధించినది. ఆ పన్నును కట్టువాడు అమెరికా వర్తకుడు. సొమ్ము చేరునది అచ్చటి ఖజానాకు. కాని అతడు ఆ భారమును ధర తగ్గింపుమని మన ఎగుమతిదారుపై త్రోయును, ఎగుమతిదారు చెరువు గట్టునున్న రైతుపై త్రోయును. ఇట్టి రేట్లు స్థిరములు కావు; కనుక ఏ తేదీ నాటి రేటో తెలిసికొనకుండ మాటలాడరాదు.

పంచాయతీకి అధికారము లేదన్నంత మాత్రమున కర్తవ్యము లేదని కాదు.

మొదటిది: "సుంకము ఎత్తివేసినారు, ఇక ధర పడిపోవును, ఇప్పుడే అమ్ముము" అని కల్లములో ఎవరైన చెప్పినచో, ఏ సరకుపై, ఏ తేదీన, ఎప్పటివరకు అని అడుగుడు. ప్రకటన బహిరంగమైనది. తేదీ చెప్పలేనివాని మాట వదంతి.

రెండవది: మద్దతు ధరను కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. 2025-26 సంవత్సరమునకు మినుములకు క్వింటాలునకు 7,800 రూపాయలు, ఏటేట మారును. ప్రభుత్వము కొనుగోలు చేయునప్పుడు ఈ-పంట నమోదు చూతురు. కౌలురైతు పేరు అందులో చేరినదో లేదో సభ్యులు స్వయముగా విచారింపవలెను. నమోదు లేనివాడు మద్దతు ధర ఎంత ఉన్నను దళారికే అమ్ముకొనును.

మూడవది: ఆవేదన యున్నచో గ్రామసభలో తీర్మానింపుడు. సుంకము నిర్ణయించునది కేంద్రము గనుక తీర్మానము మీ పార్లమెంటు సభ్యునికిని, వ్యవసాయ శాఖకును పోవలెను. ఊరిలో ఎన్ని ఎకరముల మినుము, ఎకరమునకు ఖర్చెంత, దిగుబడి ఎంత, కల్లములో పలికిన ధర ఎంత, ఏ వారమున ఎంత పడిపోయినది - ఈ అంకెలు లేని తీర్మానము ఫిర్యాదుగా మిగులును. అంకెలున్న తీర్మానము సాక్ష్యమగును.

కడపటి మాట. తీర్మానము వ్రాయునాడు భూమి గలవారినే గాక, భూమి లేని కూలీలను, ముఖ్యముగా స్త్రీలను, గ్రామసభకు పిలువుడు. మినుము అమ్మువారును, మినపపప్పు కొనువారును ఒకే ఊరివారు. ఇరువురి మాటలును విని, రైతునకు కిట్టుబాటు ధరయును, పేదకు అందుబాటు ధరయును ఎట్లు పొసగునో చెప్పగలిగిన తీర్మానమునకే ఢిల్లీలో విలువ యుండును.