వంతు ఎవరిది? పోకెమాన్ పోరాటాల్లో స్టేటస్ కండిషన్ల చరిత్ర



లెక్కల మాస్టారి స్మారకోపన్యాసానికి వీడియో గేము విషయమేమిటని నిర్వాహకుల్లో ఒకరిద్దరు ముందే అడిగారు. మాస్టారికి ఇష్టమైన పాఠం సంభావ్యత. నేను చెప్పబోయేదంతా అదే: అదృష్టానికి ఎంత చోటు ఇవ్వాలి, ఎక్కడ ఆపాలి అని ఒక ఆట పాతికేళ్లకు పైగా పడిన తర్జనభర్జన.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. పోకెమాన్‌లో ఆటగాడు వింత జీవుల్ని పట్టి, పెంచి, పోరుకు దింపుతాడు. రెండు పక్షాలూ వంతులవారీగా ఎత్తు వేస్తాయి. ఎదుటి జీవి ప్రాణశక్తిని, అంటే హెచ్‌పీని, సున్నా చేస్తే గెలుపు. ఇది తిన్నని దారి. ఇంకో దారి ఉంది: దాన్ని నిద్రపుచ్చడం, విషమెక్కించడం, కాల్చడం, గడ్డకట్టించడం, పారాలిసిస్ తెప్పించడం. ఈ ఐదింటినీ ఆటగాళ్లు స్టేటస్ కండిషన్లు అంటారు. 2016 డిసెంబరులో జియో భాగస్వామ్యంతో మన దేశానికి వచ్చిన పోకెమాన్ గో ఒక్కటే ఆడినవారికి ఇవి తగిలి ఉండవు. ఆ ఆటలో వీటిని పెట్టలేదు.

ఈ ఆలోచన పోకెమాన్‌తో పుట్టలేదు. 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోనే నిద్ర మంత్రం ఉంది. 1981లో విజర్డ్రీ, 1986లో డ్రాగన్ క్వెస్ట్ ఆ వారసత్వాన్ని కంప్యూటర్ తెర మీదికి, టీవీ తెర మీదికి తెచ్చాయి. 1987 నాటి మెగామి టెన్సే శత్రు భూతాల్నే మాటలతో మచ్చిక చేసుకుని జట్టులో చేర్చుకోనిచ్చింది. అయితే ఇవన్నీ మనిషికీ యంత్రానికీ మధ్య పోరాటాలు. యంత్రాన్ని ఏడు వంతులు నిద్రపుచ్చినా అది నొచ్చుకోదు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో తొలి పోకెమాన్ ఆటలు రెడ్, గ్రీన్ విడుదలయ్యాక పరిస్థితి మారింది. రెండు గేమ్ బాయ్‌లను కేబుల్‌తో కలిపి మనిషితో మనిషి పోరాడొచ్చు. వంతు పోగొట్టుకున్న పిల్లవాడు ఎదురుగానే కూర్చుని ఉంటాడు.

ఆ తొలి ప్రోగ్రాములో ఒక్క చోటును దగ్గరగా చూద్దాం. ప్రతి జీవి స్థితికీ కేటాయించింది ఒకే ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు. విషానికి ఒకటి, కాలడానికి ఒకటి, గడ్డకట్టడానికి ఒకటి, పారాలిసిస్‌కు ఒకటి. కింది మూడు బిట్లు మాత్రం నిద్రవి. ఇంకా ఎన్ని వంతులు మిగిలాయన్న లెక్క అక్కడే ఉంటుంది. మూడు బిట్లలో పట్టే పెద్ద సంఖ్య ఏడు. అందుకే తొలితరంలో నిద్ర ఒకటి నుంచి ఏడు వంతుల దాకా సాగేది. ఆ బైటులో ఏదైనా ఉందంటే కొత్త స్టేటస్ అంటదు. ఈ నియమం నుంచి ఒక వ్యూహమే పుట్టింది: పారాలిసిస్ వచ్చిన జీవికి నిద్ర భయం లేదు కాబట్టి, నిద్రపుచ్చేవాడి ముందు దాన్నే నిలబెట్టొచ్చు. చిన్న జబ్బు పెద్ద జబ్బుకు టీకా అయింది.

ఆ పోరాట ప్రోగ్రాము రాసినవారు మోరిమోటో షిగెకి. దాన్ని నింటెండో 64 మీదికి తెచ్చే బాధ్యతను అప్పట్లో హాల్ లేబొరేటరీ అధ్యక్షుడిగా ఉన్న ఇవాటా సతోరు భుజాన వేసుకున్నారు. చేతిలో వివరణ పత్రమేదీ లేదు. రెడ్, గ్రీన్ ప్రోగ్రామునే చదివి, సుమారు వారంలో ఆ పని చేసేశారని విని మోరిమోటో ఆశ్చర్యపోయారు.

ఇక ఆ తొలితరం ఎంత నిర్దయగా ఉండేదో చెప్పాలి. నిద్ర లేచిన వంతులో కూడా జీవి ఎత్తు వేయలేదు. ఎదుటిది వేగం గలదైతే తర్వాతి వంతులో ముందుగా కదిలి మళ్లీ నిద్రపుచ్చొచ్చు. గడ్డకట్టిన జీవి తనంతట తాను కరగదు. కేబుల్ పోరులో సంచిలోంచి మందు తీసే వీలు లేదు. ఎదుటివాడు నిప్పు దెబ్బ కొడితే తప్ప దాదాపుగా అది చచ్చినట్టే. తెలిసి తెలిసి అతనెందుకు కొడతాడు? పైగా జపాన్ రూపంలో బ్లిజార్డ్ దెబ్బకు గడ్డకట్టే అవకాశం 30 శాతం. విదేశాలకు వెళ్లేటప్పుడు దాన్ని 10 శాతానికి తగ్గించారు. నాకు తెలిసి స్టేటస్‌కు పడిన తొలి కళ్లెం ఇదే.

లోపాలూ ఉన్నాయి. పారాలిసిస్ వస్తే వేగం నాలుగో వంతుకు పడిపోవాలి. కానీ ఆ జీవి ఎజిలిటీ అనే ఎత్తు వేస్తే ప్రోగ్రాము వేగాన్ని మొదటినుంచి లెక్కగట్టి, పారాలిసిస్ కోతను మరిచిపోయేది. ఆటగాళ్లు ఈ లోపాన్నీ వ్యూహంగా వాడుకున్నారు. అలాగే ఎదుటి జట్టులో ఒకేసారి ఒక్క జీవినే నిద్రపుచ్చాలన్న కట్టుబాటు పోటీల్లో స్థిరపడింది. దాన్నే స్లీప్ క్లాజ్ అంటారు.

1999లో గోల్డ్, సిల్వర్ వచ్చాయి. నిద్ర లేచిన వంతులోనే ఎత్తు వేయొచ్చు. గడ్డకట్టిన జీవి ఎప్పుడో ఒకప్పుడు తానే కరుగుతుంది. విషం సోకని స్టీల్ జాతి పుట్టింది. ఇక్కడ మాస్టారికి నచ్చే లెక్క ఒకటుంది. మామూలు విషం ప్రతి వంతుకూ ప్రాణంలో ఎనిమిదో భాగం, అంటే పదహారింట రెండు భాగాలు తీస్తుంది. టాక్సిక్ విషం మొదట పదహారింట ఒకటి, తర్వాత రెండు, ఆపై మూడు, ఇలా పెరుగుతూ పోతుంది. మూడు వంతులకు రెండూ ఆరు భాగాల దగ్గర సమానం. నాలుగో వంతుకు టాక్సిక్ పది, మామూలుది ఎనిమిది. ఐదో వంతుకు టాక్సిక్ పదిహేను. ఆరో వంతు ముగిసేసరికి జీవి లేదు. ఇందులో పాచిక లేదు. ఎప్పుడు పడిపోతుందో ఇద్దరికీ తెలుసు; ఆలోపు ఏం చేస్తావన్నదే ఆట.

పారాలిసిస్ అలా కాదు. ప్రతి వంతులో 25 శాతం కదలలేని అవకాశం. నాలుగు వంతుల్లో ఒక్కసారైనా చిక్కుబడే సంభావ్యత లెక్కగడితే 68 శాతం దాటుతుంది. అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

2002లో రూబీ, సఫైర్ జీవులకు సహజ గుణాలు ఇచ్చాయి. గట్స్ అనే గుణమున్న జీవికి స్టేటస్ సోకితే దాడి బలం ఒకటిన్నర రెట్లవుతుంది. ఫసాడ్ అనే దెబ్బ కాలినా, విషమెక్కినా, పారాలిసిస్ వచ్చినా రెట్టింపు పదునెక్కుతుంది. 2006 నాటి డైమండ్, పెర్ల్ ఇంకో అడుగు వేశాయి. టాక్సిక్ ఆర్బ్ అనే వస్తువును మోసుకొచ్చే బ్రెలూమ్ అనే జీవి తనకు తానే విషమెక్కించుకుంటుంది. పాయిజన్ హీల్ గుణం వల్ల ఆ విషమే ప్రతి వంతుకూ ఎనిమిదో భాగం ప్రాణం పోస్తుంది. పైగా బైటు నిండిపోయింది కదా, నిద్ర ఇక అంటదు. శత్రువు ఆయుధం కవచమైంది.

తర్వాతి కథంతా తగ్గింపుల కథే. అంతకుముందు పోరు ముగిశాక కూడా నాలుగేసి అడుగులకు ప్రాణం తినే విషం 2010 నాటి బ్లాక్, వైట్‌తో నడకలో బాధించడం మానేసింది. 2013లో ఎలక్ట్రిక్ జాతికి పారాలిసిస్ నుంచి మినహాయింపు దొరికింది. 2016లో సన్, మూన్ పెద్ద కోతే పెట్టాయి: పారాలిసిస్ వేగాన్ని సగానికే తగ్గిస్తుంది, కాలిన గాయం ఎనిమిదో భాగం బదులు పదహారో భాగమే తీస్తుంది, ఒకేసారి ఇద్దరిని నిద్రపుచ్చగల డార్క్ వాయిడ్ అనే ఎత్తు గురి 80 నుంచి 50 శాతానికి దిగింది. 2022 జనవరిలో లెజెండ్స్ ఆర్సియస్ నిద్ర బదులు మగతను, గడ్డకట్టడం బదులు మంచుగాయాన్ని పెట్టింది. బాధ ఉంటుంది, కానీ కదిలే అవకాశం పూర్తిగా పోదు. అదే ఏడాది నవంబరులో స్కార్లెట్, వయొలెట్ మళ్లీ పాత నిద్రకూ, పాత గడ్డకట్టడానికీ వెళ్లిపోయాయి.

ఆట రూపకర్తలు ఎందుకు వెనక్కి వెళ్లారో నేను చెప్పను. ఆ కారణం వాళ్లది. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. స్టేటస్ లేకపోతే బలమైనదే ఎప్పుడూ గెలుస్తుంది. మందకొడి జీవికి, బలహీనమైన జీవికి చోటుండదు. కాబట్టి అది ఉండాల్సిందే. కానీ మంచి స్టేటస్‌కు గుర్తు ఒక్కటే: అది సోకినవాడి చేతిలో ఇంకా ఏదో ఒక నిర్ణయం మిగలాలి. టాక్సిక్ ఆ పరీక్షలో నెగ్గుతుంది. పారాలిసిస్ సగం నెగ్గుతుంది. తొలితరపు గడ్డకట్టడం పూర్తిగా తప్పింది. ఆట రాసే యువకులు ఈ సభలోనూ ఉన్నారు. మీరు రేపు ఏ నియమం రాసినా, ఓడిపోతున్నవాడి కుర్చీలో కూర్చుని దాన్ని ఒకసారి ఆడి చూడండి.