పిల్లవాని కేక వెనుకనున్న మాట

(మిడిల్ పాయింట్‌లో మన సమాజ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో కావ్యములను గూర్చియో, నాటకములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. ఈ సాయంకాలము నేను ఆటిజముగల పిల్లల చదువును గూర్చి మాటలాడ దలచితిని. నేను వైద్యుడను గాను, బి.ఏ. పట్టము పుచ్చుకొని సచివాలయమున ఫైళ్లు చూచుకొనువాడను. అయినను ఇది వైద్యులకు మాత్రమే విడిచిపెట్టదగిన సంగతి గాదు. మిడిల్ పాయింట్ వంటి పేటలో ఎవరి యింట ఏమి జరుగుచున్నదో అందరికిని తెలియును. బజారులో నొక పిల్లవాడు నేలబడి కేకలు వేసినచో, చూచువారు వెంటనే తల్లి పెంపకమును తప్పుపట్టుదురు. మరునాటినుండి ఆమె పిల్లవానిని వెలుపలికి తీసికొనిరాదు. తాను పేరంటమునకు గూడ రాదు. కొంతకాలమునకు మనము ఆ యింటివారిని పిలుచుటయే మరచిపోవుదుము.

ఆటిజము అంటువ్యాధి గాదు, పెంపకపు లోపమును గాదు. మెదడు ఎదుగు తీరులోని భేదము. మాటలాడుట, ఎదుటివారి భావమును గ్రహించుట ఇట్టి పిల్లలకు కష్టము. నిత్యకృత్యములలో చిన్న మార్పు గూడ వారిని కలతపెట్టును. కొందరికి చప్పుళ్లు భరింపరానివి. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనినొక ప్రత్యేక స్థితిగా వర్ణించెను. ఆ పిమ్మట కొన్ని దశాబ్దములు, తల్లికి మమకారము చాలకనే యిట్లైనదని వాదించిన పండితులుండిరి. శాస్త్రము ఆ వాదమును ఏనాడో త్రోసివేసినది. మన వీధి అరుగులు ఇంకను త్రోసివేయలేదు.

ఇట్టి పిల్లలకు బడిలో తోడ్పడు పద్ధతులలో అనువర్తిత ప్రవర్తనా విశ్లేషణమనునది యొకటి. పొడి అక్షరములలో ఏ.బి.ఏ. యని వాడుక. పేరు భయపెట్టునదే గాని, లోని సంగతి ఏ గుమాస్తాకైనను బోధపడును. ఒక ఫైలు మన మేజాపైకి వచ్చినపుడు చివరి కాగితము మాత్రమే చూచి ఉత్తర్వు వ్రాయుదుమా? దానికి ముందు ఏ ఉత్తరము వచ్చినది, వెనుక ఏమి జరిగినది చూతుము. అట్లే పిల్లవాని చేష్టకు ముందేమి జరిగినది, చేష్ట యేమి, దాని వెంటనే అతనికేమి లభించినది, ఈ మూడింటిని దినదినము వ్రాసి చూచుటయే యీ పద్ధతికి పునాది. 1968లో బేర్, వుల్ఫ్, రిస్లీ అను మువ్వురు ఈ శాస్త్రపు లక్షణములను నిర్ణయించుచు ఒక వ్యాసము వ్రాసిరి. నేర్పు విషయము ఆ మనిషి బ్రతుకునకు పనికివచ్చునదై యుండవలెనని అందు మొదటనే చెప్పిరి. ఆ మాటను తరువాత చాలమంది మరచిరి.

ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదను. వానకాలము, బడి పైకప్పు రేకులది. ఈ దీవులలో రేకులపై పడు వాన చప్పుడెట్టిదో మీకు చెప్పనక్కరలేదు. హిందీ పాఠము నడుచుచుండగా ఒక బాలుడు చెవులు మూసికొని అరచి, పుస్తకమును విసరివేసెను. ఉపాధ్యాయుడు అతనిని ప్రక్కనున్న శ్లాబు గదికి పంపివేసెను. మరునాడు వాన లేదు. అయినను హిందీ పుస్తకము తెరువగనే మరల విసరెను. మొండితనమనుకొందుము. వరుసగా వ్రాసి చూచినచో వేరొక సంగతి తెలియును. పుస్తకము విసరినచో విడుదల దొరకునని బాలుడు నేర్చుకొనినాడు. పెద్దలు శిక్ష యనుకొన్నది అతనికి బహుమానమైనది. ఇచట దెబ్బ వేసి ప్రయోజనము లేదు. విశ్రాంతి కావలెనని తెల్పు అట్టముక్క యొకటి అతని చేతికిచ్చి, దానిని చూపిన తక్షణమే రెండు నిమిషములు వెలుపలికి పంపవలెను. తొలిదినములలో ఒక్కమారైనను కాదనరాదు. విసరుటకంటె చూపుట సులభమని తెలిసినపిమ్మట విసరుట తగ్గును. తరువాత పాఠమును ఒక్కొక్క వాక్యముగా విడదీసి, చేసినంతకు మెచ్చుకొనుచు, విశ్రాంతికి విశ్రాంతికి నడుమ వ్యవధిని మెల్లమెల్లగా పెంచవలెను. వాన కురియునపుడు చెవులకు అడ్డు పెట్టుకొననిచ్చినచో ఎవరికి నష్టము?

ఈ పద్ధతికి చీకటి చరిత్రయు కలదు. దానిని దాచుట నాకు సమ్మతము గాదు. కాలిఫోర్నియాలో ఐవర్ లొవాస్ అను ఆచార్యుడు, వారమునకు 40 గంటలు నేర్పిన 19 మంది పసిపిల్లలలో 9 మంది సాధారణ తరగతులలో చదువగలిగిరని 1987లో ప్రకటించెను. తల్లిదండ్రులెందరో ఆశపడిరి. కాని ఆయన శిక్షణలో గద్దింపులును దెబ్బలును గూడ సాధనములై యుండెను. తరువాతి పరిశోధనలలో కొంత మేలు కనబడినను, అంత గొప్ప ఫలము అందరికిని కనబడలేదు. ఇట్టి శిక్షణ పొంది పెద్దవారైన పలువురు, చేతులు ఆడించుకొనుట వంటి అపాయములేని అలవాట్లను గూడ మాన్పించి తమను ఇతరులవలె నటింపజేసిరని చెప్పుచున్నారు. వారి మాట వినదగినది. మూడు నెలలలో నయము చేసెదమని ప్రకటించి వేలకు వేలు అడుగువారిని నమ్మకుడు. కన్నులలోనికి చూడుమని బలవంతపెట్టు చోటికంటె, దాహమైనదని తెల్పుట నేర్పు చోటు మేలు.

భాష సంగతి మనకు ముఖ్యము. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది తెలుగువారు. యింట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. పిల్లవాడు తికమకపడునని, తెలుగు మానివేయుడని సలహా ఇచ్చువారున్నారు. రెండు భాషల యిండ్లలోని ఆటిజముగల పిల్లలను పరిశీలించినవారు, రెండవ భాషవలన అదనపు వెనుకబాటు కనబడలేదని చెప్పిరి. అమ్మమ్మ నోటి ‘బువ్వ’ను, ‘నీళ్లు’ను తీసివేసినచో ఆ పిల్లవానికి ఇంటిలో ఎవరితో పొత్తు మిగులును?

ఇక మన ఉద్యోగుల సంగతి. సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన కేంద్రప్రభుత్వ మేధో దివ్యాంగుల సంస్థవారు 40 అంశములతో ఆటిజమునకొక భారతీయ కొలమానమును సిద్ధపరచిరి. ధ్రువపత్రమునకు అదియే ఆధారము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో పేర్కొన్న 21 వైకల్యములలో ఆటిజమొకటి. నూటికి 40 పాళ్లు వైకల్యమున్నట్లు ధ్రువపడినచో 6 మొదలు 18 ఏండ్లవరకు ఉచిత విద్యకు హక్కు కలదు. మనలో పలువురు చదువని ఉత్తర్వులు గూడ కలవు. అట్టి బిడ్డను చూచుకొను ఉద్యోగిని సాధారణ బదిలీలనుండి, పాలనా ఇబ్బందులకు లోబడి, మినహాయింపవలెనని సిబ్బంది శాఖ 2014లో ఉత్తర్వు చేసి, 2018లో దానిని విస్తరించినది. స్త్రీలకును, ఒంటరి తండ్రులకును ఇచ్చు 730 దినముల శిశుసంరక్షణ సెలవునకు ఇట్టి బిడ్డల విషయమున వయఃపరిమితి లేదు. విద్యాభత్యము రెట్టింపు. నోరు తెరచి అడుగుటకు సిగ్గుపడి వీనిని వదలుకొన్నచో మిగులునది ప్రభుత్వమునకే.

విశాఖకో చెన్నపట్నమునకో ఓడలో సుమారు మూడు దినముల ప్రయాణము. వారమువారము నిపుణుని చూచుట ఇచట కుదరదు గనుక, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఒక్కమారు పద్ధతి నేర్చుకొని, తామే వ్రాసికొనుచు సాగించుట తప్పదు. ప్రక్కయింటివారు గూడ ఆ అట్టముక్క అర్థమును తెలిసికొని యుండవలెను.

వచ్చు ఉగాది సభలో లౌడుస్పీకరు ధ్వనిని తగ్గించి, హాలు ప్రక్కగదిలో చాపలు పరచి, చప్పుడు భరింపలేని పిల్లలకై ఉంచవలసినదని కార్యవర్గమునకు వ్రాతమూలకముగా మనవి చేసితిని. అంగీకరించినట్లు కార్యదర్శిగారు ఇప్పుడే చెప్పిరి. ఆ గది తాళము నాయొద్ద ఉండును.