బ్రేక్ నొక్కితే మీటర్ లైట్ వెలుగుతోంది! రెస్టోర్ చేసిన ఆర్‌ఎక్స్ 100లో అసలు ప్రాబ్లమ్ ఎక్కడ?

మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచే మాట్లాడుతున్నా. మధ్యలో బస్సు హారన్లు వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి. ముంబై హైవే పక్కన ఉండి సైలెన్స్ కావాలంటే కుదరదు కదా.

ఇదిగో, ఈ ఎపిసోడ్ హీరో. యమహా ఆర్‌ఎక్స్ 100. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, బరువు దాదాపు వంద కిలోలు. మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. అంటే ఆఖర్న తయారైన బండి కూడా నాకంటే పెద్దదే. 2018లో అజయ్ భూపతి తీసిన 'ఆర్‌ఎక్స్ 100' సినిమాతో ఈ పేరు మన బ్యాచ్‌కి కూడా బాగా ఎక్కింది. అప్పటిదాకా ఇది బాబాయిల బండి.

ఇది నాది కాదు. నా పాత ఆఫీసులో కొలీగ్ ఒకడున్నాడు, వాళ్ల నాన్నగారిది. ఊళ్లో చాలా ఏళ్లు గోనెసంచి కప్పుకుని పడి ఉంది. వీడు తీసుకొచ్చి ఫుల్ రెస్టోరేషన్ చేయించాడు. ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్, మడ్‌గార్డ్‌లకి కొత్త క్రోమ్, ట్యాంక్‌లో మొహం చూసుకోవచ్చు. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. నాన్నని వెనక కూర్చోబెట్టుకుని సంగారెడ్డి దాకా ఒక రైడ్ వేయాలని వాడి కోరిక. కానీ రెండు కంప్లైంట్లు. ఒకటి, బ్రేక్ పట్టడం లేదు. రెండు, వెనక బ్రేక్ నొక్కితే బ్రేక్ లైట్ గుడ్డిగా వెలుగుతోంది, దాంతోపాటు స్పీడోమీటర్ లోపలి లైట్ కూడా మసకమసగ్గా వెలుగుతోంది. హెడ్‌లైట్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే!

దీని మీద వాడికి దొరికిన సలహా ఏంటంటే, వైరింగ్ కిట్ మొత్తం మార్చెయ్, రెక్టిఫైయర్ కూడా మార్చెయ్ అని. ఒక్క నిమిషం ఆగండి. ప్రొడక్షన్‌లో ఒక బగ్ వచ్చిందని కోడ్ మొత్తం కొత్తగా రాస్తామా? ముందు లాగ్ చూస్తాం. బండికి లాగ్ అంటే మల్టీమీటర్. మామూలు డిజిటల్ మీటర్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ముందు బేసిక్ ఒకటి. ఈ బండికి రెండు రకాల కరెంట్ ఉంటుంది. స్పార్క్‌కి, హెడ్‌లైట్‌కి కావాల్సింది నేరుగా మాగ్నెటో నుంచి వస్తుంది. అందుకే బ్యాటరీ చచ్చిపోయినా బండి స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో హెడ్‌లైట్ డల్‌గా ఉండి రేజ్ చేస్తే పెరుగుతుంది. అది రోగం కాదు, దాని తీరే అంత. హారన్, ఇండికేటర్, బ్రేక్ లైట్ మాత్రం బ్యాటరీ మీద. ఇంకో మాట, పాత బళ్లలో 6 వోల్ట్‌లవి కూడా ఉన్నాయి. బల్బు కొనే ముందు మీ బండి ఏదో చూసుకోండి. మన బండి 12 వోల్ట్‌లది.

ఇప్పుడు మీటర్ లైట్ మిస్టరీ. వెనక లైట్‌లో ఉండేది రెండు ఫిలమెంట్ల బల్బు. 5 వాట్స్‌ది టెయిల్ లైట్‌కి, 21 వాట్స్‌ది బ్రేక్‌కి. ఈ రెండింటికీ తిరుగు దారి ఒక్కటే, హోల్డర్ బాడీ నుంచి మడ్‌గార్డ్, అక్కడి నుంచి ఫ్రేమ్, ఫ్రేమ్ నుంచి బ్యాటరీ నెగెటివ్. దీన్నే ఎర్త్ అంటాం. ఆ దారిలో అడ్డం పడిందనుకోండి, కరెంట్ ఊరుకోదు. మన రోడ్డు మీద బళ్ల లాగే. మెయిన్ రోడ్డు జామ్ అయితే కాలనీ గల్లీల్లోకి దూరతాం కదా? అలా బ్రేక్ ఫిలమెంట్ దాటిన కరెంట్ టెయిల్ ఫిలమెంట్‌లోకి రివర్స్‌లో దూరి, టెయిల్ వైర్ పట్టుకుని ముందుకొచ్చి, అదే వైర్ మీద ఉన్న మీటర్ బల్బు గుండా ఎర్త్ వెతుక్కుంటోంది. అందుకే అది మసగ్గా వెలుగుతోంది. సంబంధం లేని లైట్ వెలిగితే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

అనుమానం సరే, ప్రూఫ్ కావాలి కదా. చాలామంది మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ముల్లు హోల్డర్‌కి, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్‌కి ఆనిస్తారు. బీప్ అంది, ఎర్త్ ఓకే అంటారు. ఇక్కడే దెబ్బ తింటారు. పది ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉన్నా చాలా మీటర్లు బీప్ కొట్టేస్తాయి. మీటర్ పంపే బుల్లి కరెంట్‌కి ఆ దారి చాలు, 21 వాట్స్ బల్బుకి చాలదు. యూనిట్ టెస్ట్ పాస్, ప్రొడక్షన్ ఫెయిల్ అంటే ఇదే.

లోడ్ మీద కొలవాలి. మీటర్‌ని 20 వోల్ట్‌ల డీసీలో పెట్టండి. నల్ల ముల్లు బ్యాటరీ నెగెటివ్‌కి, ఎర్ర ముల్లు బల్బు హోల్డర్ బాడీకి. తాళం ఆన్ చేసి, ఎవరినైనా బ్రేక్ నొక్కి పట్టుకోమనండి. ఎర్త్ బాగుంటే రీడింగ్ దాదాపు సున్నా, మహా అయితే 0.2 వోల్ట్‌లు. ఇక్కడ చూడండి, 9 వోల్ట్‌లు! అంటే 12లో 9 ఎర్త్ దారిలోనే పోతున్నాయి. బల్బుకి మిగిలింది మూడు. ఇప్పుడు ఒక వైర్ ముక్క తీసుకుని హోల్డర్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి డైరెక్ట్‌గా తగిలిస్తున్నా... చూశారా? బ్రేక్ లైట్ ఫుల్, మీటర్ లైట్ ఆఫ్. వైరింగ్ కిట్‌కి పెట్టే డబ్బులు మిగిలినట్టే.

మరి ఎర్త్ ఎలా పోయింది? ఇన్నేళ్ల తుప్పా? కాదండీ. ఈ బోల్ట్ విప్పి చూపిస్తా. మడ్‌గార్డ్ ఫ్రేమ్‌కి తగిలే చోట మెరిసిపోయే నల్ల పౌడర్ కోటింగ్. అది ప్లాస్టిక్ లాంటి పూత, కరెంట్‌ని పోనివ్వదు. బ్యాటరీ ఎర్త్ వైర్ బిగించే చోట కూడా అదే కథ. అంటే మూలన పడున్నప్పుడు లేని రోగం ముస్తాబు చేశాక వచ్చింది. సర్వీస్ బాగా చేసే షాపుల్లో కోటింగ్‌కి ముందే ఈ చోట్ల టేప్ వేసి కవర్ చేస్తారు. మీరు బండి ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పండి.

ఫిక్స్ సింపుల్. బోల్ట్ కింద కాయిన్ సైజులో రంగు గీకేసి, పళ్ల వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా పైన కొంచెం వ్యాస్‌లిన్. నేనైతే వెనక లైట్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి విడిగా ఒక ఎర్త్ వైర్ కూడా లాగేస్తున్నా. ఫ్యూజ్ పోతుంటే మాత్రం సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టే తెలివి వద్దు ప్లీజ్. ట్యాంక్ కింద పెట్రోల్, దాని కిందే వేడెక్కిన వైర్.

సరే, బ్రేక్. దీనికి డిస్క్ లేదు, ఏబీఎస్ లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి 125 సీసీ పైన ఏబీఎస్, ఆ లోపు సీబీఎస్ తప్పనిసరి చేశారు కాబట్టి మనకి వాటితోనే అలవాటు. ఇక్కడ ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ములే, అంతా మెకానికల్. చక్రం విప్పగానే లోపలి దుమ్ముని నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడి గుడ్డతో తుడవండి.

షూలు కొత్తవే వేశారు. అయినా పట్టడం లేదు. ఎందుకంటే, లైనర్ మీద సుద్ద పూసి, బిగించి, చక్రం తిప్పుతూ మెల్లగా బ్రేక్ వేసి మళ్లీ విప్పా. చూడండి, సుద్ద రెండు చివర్లే చెరిగింది, మధ్యలో అలాగే ఉంది. అంటే షూ మొత్తం ఆనడం లేదు. ఎత్తుగా ఉన్న చోట ఎమెరీ పేపర్‌తో రుద్ది, మళ్లీ సుద్ద. ఓపిక కావాలి, నాకు నాలుగు రౌండ్లు పట్టింది. ఆ తర్వాత యాక్సిల్ నట్ లూజ్‌గా ఉంచి, బ్రేక్ పట్టుకుని అప్పుడు బిగిస్తే షూలు డ్రమ్ మధ్యలో సెట్ అవుతాయి.

షూలని తెరిచే క్యామ్ చూడండి. అది తిరిగే రంధ్రంలోకి కూడా పెయింట్ వెళ్లింది! అందుకే లివర్ వదిలినా నెమ్మదిగా వెనక్కొస్తోంది. గీకి, క్లీన్ చేసి, పలచగా గ్రీజు, డ్రమ్ వైపు ఒక్క చుక్క కూడా పోకుండా. బ్రేక్ పూర్తిగా పట్టినప్పుడు క్యామ్ ఆర్మ్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటకూడదు. దాటితే ఎంత లాగినా పట్టు తగ్గుతుంది.

ఇది మాత్రం చాలా సీరియస్. ముందు బ్రేక్ ప్లేట్‌కి ఒక గాడి ఉంటుంది, ఫోర్క్ మీదున్న ముక్క దాంట్లో కూర్చోవాలి. ఇక్కడ రెండింటి మీదా మందంగా పెయింట్ ఉండటంతో అది సగమే దిగింది. ఆ ముక్క జారితే బ్రేక్ వేసిన క్షణంలో ప్లేట్ చక్రంతో పాటు తిరిగి, ముందు చక్రం లాక్ అయిపోతుంది. ఆల్విన్ చౌరస్తా సిగ్నల్ దగ్గర, వెనకాల బస్సు ఉండగా అది జరిగితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వెనక చక్రానికి ఇదే పని చేసే రాడ్ ఉంటుంది, దాని నట్‌కి స్ప్లిట్ పిన్ ఉందా లేదా చూడండి. మా బండికి లేదు, ఇప్పుడు వేశా.

ఆఖరి రీడింగ్ ఒకటి. ఇంజిన్ ఆపి బ్యాటరీ కొలిస్తే 12.6, స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 14. గుడ్. మీకు 15 దాటితే రెగ్యులేటర్ చూపించుకోండి, లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

సాయంత్రం కాలనీ ఖాళీ రోడ్డు మీద ఇరవై, ముప్పై స్పీడ్‌లో ఓ యాభై సార్లు ఆపి ఆపి నడిపాం. షూలు కొంచెం కూర్చున్నాయి, కేబుల్ మళ్లీ ఒకసారి టైట్ చేశాం. వాడికి చెప్పా, ఈ వారం లోకల్‌గా తిప్పు, మళ్లీ చక్రం విప్పి చూద్దాం, సంగారెడ్డి ఆ తర్వాతే అని. వాళ్ల నాన్నగారు మాత్రం వెనక కూర్చోరట, తనే నడుపుతారట. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కార్బురేటర్ విప్పుదాం. బై!