ప్రోబు ఎవరైనా చూశారా?

గురువులకు, నన్ను ఇంకా వెనక బెంచీవాడిగానే చూస్తున్న మిత్రులకు నమస్కారం.

నా పని అల్ట్రాసౌండ్ స్కానింగ్ యంత్రాలను పరీక్షించడం. బోధన్‌వాళ్లకు చెరుకు కాటా గుర్తు చేస్తే చాలు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బండి కాటా ఎక్కిందంటే నాన్న కళ్లు దానిమీదే. ముద్ర వేయించారా అని అడిగేవాడు. స్కానింగ్‌కు వెళ్లి ఆ మాట అడిగినవాళ్లను నేను చూడలేదు.

ప్రోబు మూతిలో సన్నని స్ఫటికాలు, చాలావాటిలో వందకు పైగానే, వరుసగా ఉంటాయి. చేయిజారి కిందపడితే కొన్ని చచ్చిపోవచ్చు. అయినా బొమ్మ వస్తూనే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

నిజామాబాద్‌లో ఒక నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మ, "బొమ్మ బాగానే ఉంది కదండీ" అన్నారు. జెల్ తుడిచి ప్రోబును గాలిలో పట్టుకోమన్నాను. తెర పైభాగాన తెల్లటి చారలు ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా రావాలి. ఎడమపక్క నల్లగా తెగాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నారామె. నేనేం చెప్పను? ఎవరూ రాసి పెట్టలేదు. అప్పటిదాకా తీసిన స్కాన్లన్నీ తప్పని కాదు. ఏది సరైనదో చెప్పలేకపోవడమే ఆమెను బాధించింది.

లోతు కొలతలు సరిచూడటానికి ఫాంటమ్ కావాలి. ధ్వని సెకనుకు 1,540 మీటర్ల వేగంతో, మన కండలో పోయినట్టే పోయే దిమ్మ అది. లోపల తెలిసిన దూరాల్లో సన్నని తీగలుంటాయి. ఖరీదెక్కువే. గాలి పరీక్షకు మాత్రం పైసా ఖర్చు లేదు.

సభలో మన బడి డాక్టర్లు చాలామందే ఉన్నారు. సోమవారం మొదటి పేషెంటు రాకముందే చూసి, తేదీ వేసి రాయండి. చార తెగితే ఫోన్ చేయండి, వస్తాను.